ఉపవాసమా... డైటింగా?

శ్రమకాలం 40 రోజులూ ఒంటిపూట భోజనమేనంది ఆమె. చర్చిలో అందరూ మెచ్చుకున్నారు. పొద్దున్నే మోకరించడానికన్నా ముందు ఆమె బరువు మిషనెక్కుతోందని మాత్రం ఎవరికీ తెలీదు. మూడో ఆదివారం ఆరాధనలో కళ్లు తిరిగి పడిపోయింది.

‘వారానికి అరకిలో తగ్గినా చాలమ్మా’ అన్నారు డాక్టరు. ఆమె నోటితోనే నిజం విన్న పాస్టరమ్మగారు కోప్పడలేదు. ‘దేహం దేవుని ఆలయమని పౌలు కొరింథీయులకు రాశాడుగా. ఆలయాన్ని శుభ్రం చేసుకుంటాం గానీ, గోడలు పడగొట్టుకోం కదా తల్లీ!’ అన్నారు.

ఇప్పుడామె మూడుపూటలా తింటోంది. పళ్లెంలో అన్నం తగ్గింది, పప్పూ కూరలూ పెరిగాయి. సాయంత్రం గంట నడక. బరువు మెల్లగా తగ్గుతోంది. శుక్రవారం ఒక్కపూట మాత్రం ఉపవాసం. ఆ పూట వండని బియ్యం చర్చికిచ్చే పిడికెడు బియ్యం డబ్బాలో పోస్తుంది. ఆరోజు మిషను జోలికెళ్లదు.