చెట్ల మందే కదా, ఏం కాదులే!

ఈ మాట మా పెద్దన్నయ్య నోట విన్నాకే ఈ పోస్టు రాద్దామనిపించింది. అన్నయ్యకి ఛాతీలో మంట, పుల్లటి తేన్పులు ఏళ్లుగా ఉన్నాయి. పరగడుపున గ్యాస్ బిళ్ల పడందే రోజు గడవదు. చైనాలో ఎంబీబీఎస్ చదువుతున్న మా మేనల్లుడు సెలవులకి వస్తూ అక్కడి మూలికల మందు పొట్లాలు తెచ్చాడు. ఇంకేముంది, బిళ్లలు ఆపేసి ఇదే తాగుతానని అన్నయ్య కూర్చున్నాడు.

పొట్లం మీద ఏం రాసుందో మేనల్లుడి చేత చదివించా. పేరు బాన్‌షియా షియేషిన్ టాంగ్. దాదాపు 1800 ఏళ్ల కిందట జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు రాసిన గ్రంథంలోని కషాయం. ఏడు సరుకులు: బాన్‌షియా దుంప, హువాంగ్‌లియన్, హువాంగ్‌చిన్ అనే రెండు చేదు వేర్లు, శొంఠి, జిన్‌సెంగ్, అతిమధురం, రేగు జాతి ఎండు పండ్లు. కడుపులో వేడి, చలువ కలగాపులగం అయ్యి, కిందికి దిగాల్సింది పైకి తంతుందని వాళ్ల లెక్క. చేదు వేర్లు వేడి తగ్గిస్తాయి, శొంఠి చలువ పోగొడుతుంది, బాన్‌షియా కిందికి దించుతుంది అంటారు. అక్కడి వైద్యుడు నాడి పట్టి, నాలుక చూసి, మనిషిని బట్టి పాళ్లు మారుస్తాడు. అంటే మంట ఉన్న ప్రతివాడికీ ఒకటే పొట్లం అనేది వాళ్ల పద్ధతిలోనూ లేదు.

రైతుగా నన్ను పట్టుకున్నది ఆ బాన్‌షియా. చైనా చేలల్లో కలుపుగా కూడా మొలుస్తుంది. మన కంద, చేమ కుటుంబమే. పచ్చి కంద కోస్తే చేతులు ఎందుకు దురదపెడతాయి? అందులో కంటికి కనపడని సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి కాబట్టి. దీంట్లోనూ అవే. పచ్చిది నోట్లో పెడితే నాలుక, గొంతు మండి వాచిపోతాయి. మనం కందలో చింతపండు వేసి ఉడికించినట్టే, వాళ్లు ఆ దుంపని రోజుల తరబడి నానబెట్టి, అల్లం, పటికతో ఉడికించి శుద్ధి చేస్తారు. ఆ శుద్ధి సరిగ్గా లేకపోతే గొంతు మంటకి ఇచ్చే మందే గొంతుని కాలుస్తుంది.

ఇంకోటి, వేరు ఎండిపోయి పొడి అయ్యాక ఏది ఏదో ఎవరు చెప్పగలరు? 1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గే మందులో ఒక చైనా వేరుకి బదులు అరిస్టలోకియా వేరు కలిసింది. వందమందికి పైగా కిడ్నీలు దెబ్బతిన్నాయి. మన పొలాల్లో కనిపించే గాడిదగడపాకుది అదే జాతి. అదీ చెట్టే కదా!

అన్నయ్యకి బీపీ ఉంది. అతిమధురం రోజూ ఎక్కువగా పోతే బీపీ పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం తగ్గుతుంది. పైగా ఏళ్ల తరబడి వాడిన గ్యాస్ బిళ్ల ఒక్కసారిగా ఆపితే ఆమ్లం తిరగబడి మంట ఎక్కువవ్వొచ్చు.

అలాగని ఆ వైద్యాన్ని నేను కొట్టిపారేయట్లేదు. చైనాలో దీని మీద పరీక్షలు చాలానే చేశారు, మంట తగ్గిందని కొన్నిట్లో వచ్చింది కూడా. కాకపోతే చాలావరకు చిన్నవి, అంత గట్టిగా చేసినవి కావు.

అన్నయ్యని పొట్లాలతో సహా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లా. ముందు ఎండోస్కోపీ చేయించమన్నారు, బిళ్ల సొంతంగా ఆపొద్దన్నారు. ఈలోగా రాత్రి భోజనం ఏడింటికే పెట్టేస్తున్నాం, మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టాం. పొట్లాలు బీరువాలో ఉన్నాయి.

మింగుడు పడకపోయినా, ఊరికే బరువు తగ్గుతున్నా, మలం నల్లగా వస్తున్నా ఏ దేశం కషాయంతోనూ కాలక్షేపం చేయొద్దు. మంటతో పాటు చెమటలు పట్టి, నొప్పి చేతికి, దవడకి పాకితే అది గ్యాస్ అనుకోకుండా వెంటనే ఆసుపత్రికి పరిగెత్తండి. పురుగుమందు డబ్బా మీద ఎకరానికి ఎన్ని మిల్లీలీటర్లో నాలుగుసార్లు చదువుతాం కదా, కడుపులో పోసుకునే దాన్ని కూడా ఒక్కసారి చదివించుకుందాం.