టీ బల్ల మీద చరిత్ర

ఒక ఇంటి సంగతి తెలియాలంటే ముందుగది కాదు, తినే బల్ల చూడాలంటాను నేను. ముందుగది నలుగురి కోసం సర్దింది. బల్ల మీద మాత్రం ఎవరి అలవాట్లు వాళ్ళు వదిలేసి పోతారు. ఈ మాటకి ఆఫ్రికా నుంచి ఒక చిత్రకారిణి వత్తాసు పలుకుతుందని నేననుకోలేదు.

ఆవిడ పేరు ఎన్జిడెకా అకున్యిలి క్రాస్బీ. ఇగ్బోల ఆడపడుచు. 1983లో నైజీరియాలోని ఎనుగులో పుట్టింది. (ఏనుగు కాదండోయ్, ఎనుగు! మా మనవడు ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.) 1999లో, పదహారేళ్ళప్పుడు, అమెరికా చేరింది. అక్కడే చదువు, అక్కడివాడితోనే పెళ్ళి, కాపురం లాస్ ఏంజెలిస్‌లో. ఆవిడ చిత్రాల అచ్చులు ఒక పుస్తకంలో చూశాను.

2013 నాటి ఒక చిత్రం పేరు ‘టీ టైమ్ ఇన్ న్యూ హేవెన్, ఎనుగు’. బల్ల నిండా టీ సామాను, డబ్బాలూ. మావారు నా భుజం మీంచి తొంగిచూసి, “సర్దకుండా వదిలేసిన బల్లని కూడా బొమ్మ వేస్తారా!” అన్నారు. సర్దేది తామైతే కదా, అందులో ఏముందో తెలిసేది! 1960 దాకా ఆ దేశాన్ని ఏలింది ఇంగ్లీషువాళ్ళు. వాళ్ళు పోయారు, వాళ్ళ టీ మిగిలింది. ఈ కథ మనకి వేరే చెప్పాలా? ఆ పేరులో ఇంకో చమత్కారం ఉంది. న్యూ హేవెన్ అన్నది ఎనుగులో ఒక పేట. ఆవిడ చిత్రకళ చదువుకున్న యేల్ విశ్వవిద్యాలయం ఉన్న అమెరికా ఊరి పేరూ అదే.

ఆ చిత్రాల్లో గోడలూ, నేలా, బట్టలూ ఉత్త రంగు కాదు. ఇంటివాళ్ళ ఫోటోలూ, నైజీరియా పత్రికల్లోని బొమ్మలూ జిరాక్సు తీసి, రసాయనంతో తడిపి, రుద్ది, కాగితం మీదికి దింపుతుంది. చూడగానే పూల అద్దకంలా ఉంటుంది. తేరిపార చూస్తే అన్నీ మనుషుల ముఖాలు.

ఆ ముఖాల్లో ఒకటి తల్లిది. డోరా అకున్యిలి మందుల శాస్త్రం చదివిన మనిషి. 1988లో ఆవిడ చెల్లెలు నకిలీ ఇన్సులిన్ వాడి, ఇరవయ్యొక్కేళ్ళకే పోయింది. 2001లో ఆహార, ఔషధ నియంత్రణ సంస్థకి అధిపతి కాగానే డోరా దొంగమందుల వ్యాపారుల మీద పడింది. వాళ్ళు ఊరుకుంటారా? 2003 డిసెంబరులో కారు మీద కాల్పులు జరిగాయి. తూటా తలగుడ్డని చీల్చుకుపోయింది. ప్రాణం దక్కింది. ఆవిడ గట్టి కేథలిక్కు, దేవుడే కాపాడాడంది. ఆ తర్వాత మళ్ళీ అదే పని!

నేను చూసిన చిత్రాల్లో ఆ తూటా లేదు. ఆ దేశంలో వేడుకలకీ, ఎన్నికలకీ మనిషి బొమ్మ అచ్చువేసిన బట్టలు కట్టుకుంటారు. తల్లి సెనేట్‌కి నిలబడ్డప్పుడు వేయించిన అలాంటి బట్టని కూతురు తన చిత్రాల్లోకి తెచ్చుకుంది. దేశం తలుచుకునే ధీరురాల్ని ఆ పిల్ల ఇంట్లోకి, అమ్మగా, పిలుచుకుంది. క్యాన్సరు వైద్యానికి వచ్చిన డోరా, 2014 జూన్ 7న కన్నుమూసింది మన దేశంలోనే. ఇది చదివాక చాలాసేపు ఆ పేజీ తిప్పలేకపోయాను.

ఆ ఏడాదిదే మరో చిత్రం, ‘మామా, మమ్మీ అండ్ మమ్మా’. మూడు తరాల ఆడవాళ్ళు, మూడు పిలుపులు. అమ్మ అన్న మాట పోయి మమ్మీ వచ్చిందని మనలో కొందరు బాధపడతారు. ఈవిడ ఏ పిలుపునీ కొట్టెయ్యలేదు. అన్నిటినీ ఒక్క పేరులో కూర్చోబెట్టింది. ఇగ్బో పిల్లనా, అమెరికా ఇల్లాలినా అని తేల్చుకోమంటే, రెండూ నేనే అన్నట్టుంటుంది ఆ చిత్రం.

పరాయి దేశంలో కాపురం చేసే ఆడపిల్లలు మనకీ ఇంటికొకరున్నారు. మొన్న మా అమ్మాయి ఫోనులో, “అమ్మా, ఆ సొట్ట టీగిన్నె పాత సామాన్లవాడికి వెయ్యకే” అంది. కడిగి బోర్లించాను.