సన్నదారం కోసం బీదర్ దాకా...

మాది నారాయణఖేడ్ అని చెప్పగానే, "అబ్బ! ఆ చీరలు మీ ఊరివేనా?" అంటారు చాలామంది. కాదండీ! చీరల ఊరు నారాయణపేట, పాలమూరు వైపు. మాది సంగారెడ్డి జిల్లాలో కర్ణాటక సరిహద్దు పక్కన. ఈ మాట చెప్పీ చెప్పీ నాకు నోరు నొప్పెట్టింది. అయితే నేనివాళ మీకు చెప్పబోయేది మాత్రం నారాయణపేట చీర ముచ్చటే.

అమ్మ పోయాక ఆమె పెట్టెలోంచి నా వాటాకు వచ్చిన నూలు చీర అది. ఆకుపచ్చ గళ్ళు, ఎర్రటి గుడి అంచు. మా అక్క కూతురి పెళ్ళి కుదిరింది. అమ్మ ఎట్లాగూ లేదు, కనీసం ఆమె చీరైనా పందిట్లో ఉండాలని అక్కా నేనూ అనుకున్నాం. తీరా బయటికి తీస్తుంటే బీరువా తలుపు మేకుకు తగులుకుని సర్రున చిరిగింది. రెండంగుళాలే, కానీ కుచ్చిళ్ళ దగ్గర ఎదురుగా కనపడేచోట! అట్లాగే కూర్చుండిపోయాను.

చిరుగుకు రఫూ చెయ్యాలంటే చీర నూలంత సన్నటి దారం కావాలి. అమ్మ వాడిన సన్న నూలు రీలు ఒకటుండేది. దానికోసం ఖేడ్ బజారులో తిరగని దుకాణం లేదు. "అది బందయి శానా దినాలయింది అక్కా, ఇప్పుడు అందరు పాలిస్టరే అడుగుతరు" అన్నాడు మ్యాచింగ్ సెంటర్ అబ్బాయి. మా చుట్టుపక్కల చేలనిండా పత్తి, దుకాణంలో మాత్రం సన్న నూలుదారం లేదు. ఇదెక్కడి విచిత్రమో!

పాలిస్టర్ కూడా సన్నగానే ఉంది కదా అంటారేమో. పాత నూలు బట్టకు అది పనికిరాదు. దారం బట్ట కంటే గట్టిదైతే, గుంజుకున్నప్పుడు తెగేది దారం కాదు, పక్కనున్న బట్ట. మీకు దుకాణంలో అనుమానం వస్తే చిన్న ముక్క తెచ్చి కాల్చి చూడండి. నూలైతే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిదవుతుంది. పాలిస్టరైతే కరిగి గట్టి పూసలా ముద్దకడుతుంది. ఇంకొక సంగతి, నూలుకు నంబరు పెరిగినకొద్దీ సన్నదనం పెరుగుతుంది. అరవై కంటే ఎనభై సన్నం.

ఎంబ్రాయిడరీ దారం లచ్ఛా కూడా తెచ్చాను. అందులో ఆరు పోగులుంటాయి, విడదీసి ఒక్క పోగుతో పాత పంచె మీద కుట్టి చూశాను. ఫాల్‌కు భేషుగ్గా ఉంటుంది. రఫూకు మాత్రం లావు, పైగా మెరుపు. మా అమ్మాయి ఫోన్‌లో ఏదో చదివి, "ఇంగ్లండులో చేపలు పట్టేవాళ్ళకూ ఇదే తిప్పలంట!" అని నవ్వింది. వాళ్ళు కొక్కేనికి ఈకలూ దారమూ చుట్టి పురుగులాంటి ఎర తయారుచేస్తారట. పియర్సల్స్ వాళ్ళ గాసమర్ అనే సన్న పట్టుదారం తయారీ ఆగిపోయాక, మిగిలిన పాత రీళ్ళ కోసం వెతుకులాడారట. నాకు నవ్వు రాలేదు. పెళ్ళి పదిరోజుల్లో పడింది.

చివరికి మా అత్తమ్మే "బీదర్ పోయి రాపో" అంది. మా ఇళ్ళల్లో ఏది దొరక్కపోయినా బీదరే గుర్తొస్తుంది. 1956 దాకా మా ఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలోనే ఉండేది. తర్వాత మెదక్‌లో కలిపారు, 2016 నుంచి సంగారెడ్డి. జిల్లాలు మారినా అలవాట్లు మారలేదు.

బస్సెక్కాను. మన రాష్ట్రంలో 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్ళకు ఉచితం కదా, సరిహద్దు దాకా సున్నా టికెట్టు, అక్కడి నుంచి డబ్బులు! బస్సులో సగం తెలుగు, సగం కన్నడం, నడుమ మరాఠీ, ఉర్దూ. మంజీర దాటుతుంటే పక్కావిడ రూపాయి బిళ్ళ నదిలో వేసి దండం పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను, దారం దొరకాలని.

బీదర్ పాత ఊరి నడిమధ్యన చౌబారా అని గుండ్రటి బురుజు ఉంటుంది. ఆ దగ్గరి గల్లీలో ఓ బట్టల దుకాణం మెట్టు మీద ముసలాయన రఫూ చేస్తూ కనిపించాడు. దారం అడిగితే, చీర చూపించమన్నాడు. తిప్పి తిప్పి చూసి, "దారం ఎందుకు కొంటరమ్మా? చీరల్నే ఉన్నది" అన్నాడు.

సంగతేమిటంటే, నడుము దగ్గర దోపుకునే లోపలి చెంగు ఎవరికీ కనపడదు. అక్కడి పోగులు లాగితే చీర నూలే దొరుకుతుంది. అడ్డం లాగితే పేక పోగులు, మిగిలిన కుచ్చులో పడుగు పోగులు. పడుగు తెగినచోట పడుగే, పేక తెగినచోట పేకే వెయ్యాలట. కాకపోతే ముందు ఆ చెంగుకు మడిచి కుట్టిన కుట్టు విప్పాలి.

ఆ కుట్టు అమ్మ చేత్తో వేసింది. చీమ తలంత చిన్న చిన్న కుట్లు. కత్తెర నా చేతికే ఇచ్చాడాయన. నాకు చెయ్యి ఆడలేదు. కాసేపు చూసి, తనే సూది మొనతో ఒక్కొక్క కుట్టూ తెగకుండా విప్పాడు. అమ్మ కుట్టిన దారం మూరెడు పొడుగు చేతికొచ్చింది. నేను ఖేడంతా వెతికిన దారమే అది! "దీంతోనే కుట్టండి" అన్నాను ఆశగా. వేలితో కాస్త లాగి చూపించాడు, పుటుక్కున తెగింది. మిగిలింది అగ్గిపుల్లకు చుట్టి నాకిచ్చాడు.

పని రెండు గంటలు పట్టింది. మీరు ఇంట్లో చేసుకోవాలంటే పదో నంబరు సూదో ఇంకా సన్నదో తీసుకోండి. సూదికి కూడా నంబరు పెరిగితే సన్నమే. పోగు జానెడు మించకూడదు, చిక్కుపడి తెగుతుంది. కాస్త మైనం రాస్తే పీచు లేవదు. లోపలి చెంగుకు ఎండ తగలదు కనుక రంగు కొంచెం ముదురుగా కనపడుతుంది. రెండు ఉతుకులకు కలిసిపోతుందని ఆయనే చెప్పాడు.

ఇంటికొచ్చి చెంగు మళ్ళీ మడిచి, ఆ ఎంబ్రాయిడరీ పోగుతోనే కుట్టుకున్నాను. అమ్మంత చిన్న కుట్లు నాకు రావు. పెళ్ళిలో ఎవరూ పోల్చుకోలేదు. అక్క మాత్రం కుచ్చిళ్ళు సర్దుతూ వేలు తగిలి, "ఇక్కడేమైందే?" అంది. అగ్గిపుల్ల చూపించాను. సగం దారం తనకిమ్మని అడిగి తీసుకుంది.