ఊపిరి మాట విననప్పుడు

"యోగా నేర్పే ఆవిడకే కరోనా వచ్చిందట." నేను ఆసుపత్రిలో చేరకముందే ఆ మాట మా వీధంతా తిరిగింది. జ్వరం కంటే అదే ఎక్కువ బాధపెట్టింది. ఇన్నేళ్ళ సాధన ఇంతేనా అని మనసు కుంగిపోయింది.

2021 మే నెల. ఆక్సిజన్ 90 కిందికి వచ్చాక గుంటూరులో ఒక ఆసుపత్రిలో మంచం దొరికింది. "అమ్మా, ఊపిరి బిగబట్టే ప్రాణాయామాలేవీ ఇప్పుడు వద్దు, బోర్లా పడుకోండి" అన్నారు డాక్టరుగారు. మెడ కింద ఒక దిండు, ఛాతీ నుంచి తొడల దాకా రెండు, కాళ్ళ కింద రెండు. అలా పడుకుంటే వీపు వైపు ఊపిరితిత్తులు బాగా తెరుచుకుంటాయి. చూడటానికి మకరాసనమే, అలసట తీరడానికి నేను అందరిచేతా వేయించేది. అక్కడ మాత్రం మెడ పట్టేసేది, దగ్గొస్తే పక్కటెముకలు పీకేవి. వెల్లకిలా తిరిగితే ఆక్సిజన్ మీటరు మీద అంకె పడిపోయేది. నాలుగు లెక్కపెట్టేదాకా కూడా గాలి లోపలికి తీసుకోలేకపోయాను.

ఒక రాత్రి పక్క మంచం ఆవిడ పోయింది. దుప్పటి మార్చారు. తెల్లారకముందే ఇంకొకరిని తెచ్చి పడుకోబెట్టారు. నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

సాధనకు అడ్డొచ్చేవి తొమ్మిదని పతంజలి యోగసూత్రాల్లో చెప్పాడు. అందులో మొదటిది వ్యాధి. వాటి వెంట దుఃఖం, దిగులు, ఒళ్ళు వణకడం, శ్వాస గతి తప్పడం వస్తాయన్నాడు. ఎన్నోసార్లు చెప్పిన పాఠమే. ఆ రాత్రి నాలుగూ నా ఒంట్లోనే ఉన్నాయి. సాధకులకూ రోగం వస్తుందని ఆయన ఎప్పుడో రాసిపెట్టాడు కదా అని తోచి ఏడ్చాను. వీధిలోవాళ్ళ మాట బరువు అప్పుడు దిగింది.

పీల్చడం నా చేతిలో లేదు. వదిలే గాలి ఎక్కడిదాకా పోతోందో గమనిస్తూ ఉండిపోయాను. భయం వచ్చేది, వచ్చిందని తెలిసేది, కాసేపటికి మళ్ళీ వచ్చేది. చేయగలిగింది అంతే. నాకు తెలిసిన సాధన కూడా అదే.

యోగా నన్ను బతికించిందని మాత్రం అనను. ఆక్సిజన్, మందులు, చెమటలు పట్టించే పీపీఈ సూట్లలో రాత్రంతా తిరిగిన నర్సమ్మలు బతికించారు. నాకంటే నిష్ఠగా చేసినవాళ్ళు కొందరు దక్కలేదు. వాళ్ళ సాధనలో లోపముందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

"ఇది చేస్తే ఏ జబ్బూ రాదు కదండీ?" అని కొత్తగా చేరేవాళ్ళు ఇప్పటికీ అడుగుతారు. వస్తుందనే చెబుతాను. వాడుతున్న మందులు మానొద్దని చెప్పి, ఆ తర్వాతే చాప పరవమంటాను.