తగ్గ...

2004 వానాకాలంలో ఒక రాత్రి అమ్మ ఫోన్ చేసింది. డాబా ఎక్కితే తప్ప మా ఊళ్ళో సిగ్నల్ అందేది కాదు. "నాన్నగారికి జ్వరం తగ్గ..." అన్నంతవరకే వినబడింది. క్షణకాలం నిశ్శబ్దం. మళ్ళీ గొంతు వచ్చేసరికి "వేళకు తింటున్నావా?" అంటోంది. ముందురోజు "కాస్త తగ్గింది" అని చెప్పి ఉంది గనుక, ఆ ఖాళీని నేనే పూరించుకున్నాను. "సరేనమ్మా, జాగ్రత్త" అని పెట్టేశాను.

ఆవిడ అన్నది "తగ్గలేదు" అని.

ఆ నిశ్శబ్దం ఎలా పుడుతుందో తరువాత చదివి తెలుసుకున్నాను. జీఎస్‌ఎంలో మొట్టమొదట వచ్చిన 'ఫుల్ రేట్' పద్ధతినే చూద్దాం. అందులో మాటను 20 మిల్లీసెకన్ల ముక్కలుగా తరిగి, ఒక్కొక్క ముక్కను 260 బిట్లుగా మారుస్తారు. ఆ బిట్లన్నీ ఒక్క విలువవి కావు. చెడితే మాట రూపే మారిపోయే 50 బిట్లకు 3 పరీక్ష బిట్లు జోడిస్తారు. వీటికి తరువాతి శ్రేణిలోని 132 బిట్లను, ముగింపుగా 4 సున్నాలను కలిపి, ఆ 189 బిట్లనూ దోషాలను సరిదిద్దుకునే సంకేతంగా రెట్టింపు చేస్తారు. మిగిలిన 78 బిట్లకు ఏ రక్షణా ఉండదు. చెడితే కాస్త గరగర, అంతే. బయలుదేరేసరికి 260 కాస్తా 456 అవుతాయి.

అవతలి ఫోను సరిదిద్దగలిగినంత సరిదిద్ది, పరీక్ష బిట్లను మళ్ళీ లెక్కగడుతుంది. లెక్క కుదరకపోతే ఆ ముక్కను పారేస్తుంది. ఇంకోసారి పంపమని అడిగే వ్యవధి లేదు గనుక, అంతకుముందు అందిన మంచి ముక్కనే మరోసారి వినిపిస్తుంది. ఆపై ముక్కలూ చెడితే ధ్వనిని తగ్గిస్తూ పోయి, 320 మిల్లీసెకన్లకల్లా మౌనం వహిస్తుంది.

ఏ బిట్టు ముఖ్యమో నిర్ణయించినవారు చెవిని దృష్టిలో ఉంచుకున్నారు, అర్థాన్ని కాదు. తెలుగులోనేమో అవునో కాదో తేలేది క్రియ చివరనే. "లేదు" అన్న రెండక్షరాలకు ప్రత్యేకంగా కాపలా ఎవరు పెట్టగలరు?

ఆలోచిస్తే ఫోను చేసిందీ నేను చేసిందీ మొదట ఒకటే: పోయినచోట పాత ముక్కను అతికించడం. తేడా ఆ తరువాతే. తనకు అందలేదని ఒప్పుకుని అది ఊరుకుంది. నేను అతికించినదాన్నే నమ్మాను. మళ్ళీ అడిగే వ్యవధి దానికి లేదు, నాకుంది. ఇప్పటి 4జీలో పరీక్ష బిట్లు 24, చెడిన ముక్కను వెంటనే మళ్ళీ పంపించుకునే ఏర్పాటు కూడా ఉంది. యంత్రం కూడా అడగడం నేర్చుకుంది.

మూడోరోజున విషయం తెలిసి బయలుదేరాను. నాన్నగారు కోలుకున్నారు. కాని ఆ రెండు రాత్రులూ ఆసుపత్రి వరండాలో అమ్మ ఒక్కతే కూర్చుంది. "చెప్పానుగా, సరేనన్నావుగా" అంది, నిష్ఠూరమేమీ లేకుండానే.

నా "సరే" మాత్రం ఆవిడకు ఏ దోషమూ లేకుండా అందింది.