అమ్మడానికి పొలం లేనివాళ్ల ఆట



మా హాస్టల్‌లో ఒక జీకే నోట్‌బుక్ ఉంది. పదో తరగతి అక్కలు వెళ్లిపోయేటప్పుడు తొమ్మిదో తరగతి వాళ్లకు అప్పగించిపోతారు. స్టడీ అవర్‌లో పేపర్ చూసి ముఖ్యమైన సంగతులు అందులో రాసుకుంటాం. 'క్రీడలు - 2025' అనే పేజీలో మేము మొదట రాసిన పేరు గొంగడి త్రిష. ఎర్ర స్కెచ్ పెన్‌తో రాశాం. ఎందుకంటే ఆమె భద్రాచలంలో పుట్టిన అమ్మాయి.

2025 ఫిబ్రవరి 2, ఆదివారం. కౌలాలంపూర్‌లో అండర్-19 మహిళల టీ20 ప్రపంచకప్ ఫైనల్. మధ్యాహ్నం అన్నాలు కాగానే వంట అక్క ఫోన్ చుట్టూ చేరాం. సిగ్నల్ వచ్చినప్పుడు ఆట, పోయినప్పుడు ఎదురుచూపు. దక్షిణాఫ్రికా 82 పరుగులకే ఆలౌటైంది. త్రిష 15 పరుగులిచ్చి 3 వికెట్లు తీసింది. తర్వాత బ్యాటు పట్టి 33 బంతుల్లో 44 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచింది. 11.2 ఓవర్లలోనే కప్పు మనదైంది. ఆ మ్యాచ్‌లో ఉత్తమ క్రీడాకారిణి ఆమే, మొత్తం టోర్నమెంటులో ఉత్తమ క్రీడాకారిణి కూడా ఆమే. టోర్నమెంటులో 309 పరుగులు, 7 వికెట్లు. జనవరి 28న స్కాట్లాండ్ మీద 59 బంతుల్లో చేసిన 110 పరుగులు ఈ ప్రపంచకప్ చరిత్రలోనే మొదటి సెంచరీ.

ఆ రాత్రి "మన ఊరమ్మాయి, మన ఊరమ్మాయి" అని ఒకటే గోల. వార్డెన్ మేడం వచ్చి లైట్లు ఆర్పేదాకా పడుకోలేదు.

తర్వాతి రోజుల్లో ఆమె కథ పేపర్లో చదివాం. త్రిష తండ్రి రామిరెడ్డి గారు భద్రాచలంలో ఐటీసీలో ఫిట్‌నెస్ ట్రైనర్‌గా పనిచేశారు. తాను హాకీ ఆడినవారు. కూతురికి క్రికెట్ నేర్పించాలని చిన్నప్పుడే పట్టుబట్టారు. ఇక్కడ ఉంటే శిక్షణ దొరకదని తన జిమ్ అమ్మేశారు, పొలం అమ్మేశారు, కుటుంబంతో సికింద్రాబాద్ వెళ్లి అకాడమీలో చేర్పించారు. గెలిచిన రోజు త్రిష ఆ అవార్డును తండ్రికే అంకితం చేసింది. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు కోటి రూపాయలు ప్రకటించారు.

ఇదంతా ఒక అక్క పైకి చదువుతుంటే ఎనిమిదో తరగతి చెల్లి ఒకతి అడిగింది: "మా నాయనకు అమ్మేటందుకు పొలం లేదు కదక్కా, మరి నేనెట్ల ఆడాలె?"

ఎవరం జవాబు చెప్పలేకపోయాం. ఈ వ్యాసం ఆ ప్రశ్న కోసమే రాస్తున్నాం.

వేసవి సెలవులు అయిపోయి వచ్చాక అదే పేజీలో ఇంకో పేరు రాశాం. షై గిల్జియస్ అలెగ్జాండర్. పలకడానికే మాకు రెండు రోజులు పట్టింది. ఆయనది కెనడా. అమెరికాలో ఎన్‌బీఏ అనే పెద్ద బాస్కెట్‌బాల్ పోటీలో ఏటా ఒకరికి ఎంవీపీ అవార్డు ఇస్తారు. అత్యంత విలువైన ఆటగాడు అని అర్థం. 2025 మే నెలలో అది ఓక్లహామా సిటీ జట్టుకు ఆడే షైకి వచ్చింది. మ్యాచ్‌కు సగటున 32.7 పాయింట్లు చేశాడు. జూన్‌లో ఆయన జట్టే ఛాంపియన్ అయింది.

మా బడి గ్రౌండులో కూడా బాస్కెట్‌బాల్ స్తంభం ఉంది. రింగు ఉంది, వల లేదు. దాని కింద మేము ఖోఖో ఆడతాం. పీఈటీ సారు ఆ స్తంభం దగ్గరే మాకు ఈ సంగతులు చెప్పారు. కెనడాలో మంచు మీద ఆడే హాకీకే పేరు ఎక్కువ. కానీ 1891లో అమెరికాలో పండ్ల బుట్టలు గోడకు కొట్టి బాస్కెట్‌బాల్ మొదలుపెట్టిన జేమ్స్ నైస్మిత్ పుట్టింది కెనడాలోనే. షై కన్నా ముందు ఎంవీపీ గెలిచిన కెనడా ఆటగాడు ఒక్కడే, స్టీవ్ నాష్. 2005లో, 2006లో వరుసగా రెండుసార్లు గెలిచాడు. హైస్కూలు అయిపోయినప్పుడు ఆయనకు స్కాలర్‌షిప్ ఇస్తామన్నది శాంటా క్లారా అనే ఒక్క విశ్వవిద్యాలయమే. అది కూడా లేకపోతే మనం ఆయన పేరే వినేవాళ్లం కాదేమో.

మొదటిసారి అవార్డు వచ్చిన ఏడు నాష్ సగటున చేసింది 15.5 పాయింట్లే. ఆయనకన్నా ఎక్కువ పాయింట్లు చేసినవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ మ్యాచ్‌కు సగటున 11 సార్లకు పైగా ఆయన అందించిన బంతితో పక్కవాళ్లు బుట్టలో వేశారు. అంతకుముందు ఏడు 29 మ్యాచ్‌లే గెలిచిన ఫీనిక్స్ జట్టు ఆయన వచ్చాక 62 గెలిచింది. బంతి అందించిన చేతికి కూడా విలువ కట్టారన్నమాట.

త్రిషకు బంతి అందించిన చేయి నాన్నది. నాష్‌కు ఒక స్కాలర్‌షిప్. మాకు ఎవరిది?

దీనికి జవాబు మన జిల్లాలోనే ఉంది. చర్ల మండలం కలేరు గ్రామానికి చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ సైకిల్ మెకానిక్ కొడుకు. అన్నపురెడ్డిపల్లి సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివాడు. నిజామాబాద్ జిల్లా పాకాలకు చెందిన మాలావత్ పూర్ణ కూలి చేసుకునే తల్లిదండ్రుల బిడ్డ. ఇద్దరినీ గురుకులాల సంస్థ ఎంపిక చేసి భువనగిరి గుట్ట మీద ఎక్కడం నేర్పించింది, డార్జిలింగ్ పంపింది, లడఖ్ చలిలో శిక్షణ ఇప్పించింది. 2014 మే 25న ఇద్దరూ ఎవరెస్టు శిఖరం మీద నిలబడ్డారు. పూర్ణకు అప్పటికి 14 ఏళ్లు కూడా నిండలేదు. ఇద్దరి ఇళ్లల్లో అమ్మడానికి ఏమీ లేదు. ఆ ఖర్చు, ఆ పట్టుదల సంస్థ తీసుకుంది. తండ్రి చేయలేనిది ప్రభుత్వం చేయగలదని ఆ రోజు రుజువైంది. అవార్డు వచ్చాక ఇచ్చే కోటి మంచిదే. రాకముందు ఇచ్చే బూట్ల జత ఇంకా మంచిది.

మా దగ్గర జరిగింది కూడా చెప్పాలి. మాలో ఒక అక్క ఖోఖోలో మండల స్థాయి దాటి జిల్లా జట్టుకు ఎంపికైంది. ఆ పైపోటీలకు పిలుపు వచ్చేసరికి మిరప కోతల రోజులు. అమ్మకు తోడుగా గోదావరి పక్క మిరప తోటలకు పోయింది. దినం కూలి ఒదులుకోలేని ఇల్లు. బస్సు చార్జీలు ఎవరిస్తారో తెలియదు, అడగాలని కూడా మాకు తట్టలేదు. తిరిగి వచ్చాక ఆమె చేతులు ఘాటుకు మండుతుంటే మేమే కొబ్బరి నూనె రాశాం. జట్టులో ఆమె చోట వేరే అమ్మాయి ఆడింది. ఇందులో ఆమె తప్పు లేదు, వాళ్ల అమ్మ తప్పు కూడా లేదు.

అందుకే ఈ సంచికలో పెద్దల ముందు మూడు మనవులు పెడుతున్నాం. ఒకటి, ఉద్యోగాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థులు కలిసి ఒక ఆటల నిధి పెట్టాలి. ఎంపికైన అమ్మాయికి దారి ఖర్చు, బూట్లు, ఆ నాలుగు రోజులు ఇంటికి పోయే కూలి అందులోంచి ఇవ్వాలి. రెండు, చీకటి పడకముందు ఒక గంట గ్రౌండు మాకు వదలాలి, ఆ రింగుకు ఒక వల కట్టించాలి. మూడు, వార్షికోత్సవంలో గెలిచినవాళ్లతో పాటు పక్కవాళ్లను ఆడించిన అమ్మాయికి కూడా ఒక బహుమతి ఇవ్వాలి.

మాలో అందరం త్రిషలం కాలేం. ఆ సంగతి మాకు తెలుసు. కానీ ఎవరు కాగలరో ఆడనిస్తేనే కదా తెలిసేది. మొన్న ప్రశ్న అడిగిన చెల్లి రోజూ సాయంత్రం ఆ వల లేని రింగులోకి పాత వాలీబాల్ విసురుతోంది. పదింటిలో మూడు పడుతున్నాయి.