జాతర కారు

మేళ్లచెరువు శివరాత్రి జాతరలో కొన్న కారు అది. ఛార్జరు పోయింది. మా తండా పిల్లగాడు దాన్ని చంకల పెట్టుకొని బడికొచ్చిండు. "యాడి మళ్ల కొనియ్యదు" అని గోర్ బోలీలో మెల్లగ చెప్పిండు. బడిలో ఆ భాష మాట్లాడేది మేమే కదా, మా దగ్గరికే వస్తరు.

డిప్లొమా చదివినోళ్లం, అయినా తొందరపడ్డం. సెల్‌ఫోన్ ఛార్జరు వైరు కోసి సూటిగా కలిపినం. కాసేపటికే బ్యాటరీ చెయ్యి పెట్టనియ్యనంత కాలింది. గుంజేసినం. వాని కండ్లల్ల నీళ్లు.

దాని మీది రాత అప్పుడు చదివినం: నికెల్ కాడ్మియం, 3.6 వోల్టులు, 400 ఎంఏహెచ్. అంటే 1.2 వోల్టుల సెల్లులు మూడు. పదో వంతు, 40 మిల్లీ ఆంపియర్ల చొప్పున 14 గంటలు ఎక్కాలె. 5 వోల్టుల ఛార్జరు నేరుగా పెడితే కరెంటుకు అడ్డేది? పాత రేడియోలోంచి 22 ఓముల రెసిస్టరు ఊడదీసి నడుమ పెట్టినం. ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్. రాత్రి లేచి లేచి ముట్టి చూసినం. లిథియం బ్యాటరీకి మాత్రం ఇట్ల చెయ్యొద్దు, మంటలు లేస్తయి. దానికి తగిన ఛార్జరే కావాలె.

తెల్లారి కారు వరండాల ఉరికింది. మునుపటంత సేపు కాదు. వాడేమీ అనలేదు. మేమే చెప్పినం, కాల్చింది మేమేనని.